ఆ మాట మూడుసార్లు

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఏరు లేని చోట కూడా వంతెన కట్టగలగడమే నాగరికత అని ధైర్యంగా చెప్పవచ్చు. ఆదిమానవుడు ఏరు అడ్డొస్తేనే దుంగ వేశాడు. అంతకు మించి తోచలేదు పాపం. మనం చాలా దూరం వచ్చాం. ముందు వంతెన మంజూరవుతుంది. దానికొక కార్యాలయం, కార్యాలయానికొక వెబ్‌సైటు, వెబ్‌సైటు అర్థం కానివారికొక సహాయ కేంద్రం, సహాయ కేంద్రం ఫోనెత్తడం లేదని ఫిర్యాదు చేయడానికి మరో వెబ్‌సైటు ఏర్పడతాయి. ఏరు సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

నేను చెబుతున్నది నర్సుల వంతెన గురించి. తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఆసుపత్రిలో ప్రాక్టికల్ నర్సులని కొందరు, రిజిస్టర్డ్ నర్సులని కొందరు ఉంటారు. మా ఇంట్లో చిన్న నర్సు, పెద్ద నర్సు అంటాం. చిన్న నర్సు రోగిని లేపుతుంది, తిప్పుతుంది, తుడుస్తుంది, కట్టు మారుస్తుంది, మాత్ర మింగిస్తుంది, తిట్లు తింటుంది. నరంలోకి నొప్పి మందు ఎక్కించడం లాంటివి మాత్రం పెద్ద నర్సే చేయాలి. చిన్న నర్సు పెద్ద నర్సు కావాలంటే మళ్ళీ ఓనమాల నుంచి దిద్దక్కరలేదు. మధ్యలో బ్రిడ్జి కోర్సు ఒకటుంది, అందులో చేరితే చాలు. (ఆ 'చేరితే చాలు' అన్న ముక్కను పాఠకులు కాసేపు కొంగుకు ముడేసుకోవాలి.)

మా వదిన చిన్న నర్సు. ఎముకల వార్డులో పని. ఆవిడకు పెద్ద నర్సు కావాలని ఉంది. జీతం కోసమా అంటే అదీ ఉంది, ఆవిడేమీ సన్యాసం పుచ్చుకోలేదు. కానీ అసలు కారణం వేరు. విరిగిన తుంటితో మెలికలు తిరిగిపోతున్న మనిషి "నొప్పమ్మా" అంటే, "కాస్త ఉండండి, పెద్ద నర్సును పిలుచుకొస్తా" అని చెప్పి పై అంతస్తుకు పరుగెత్తాలి. ఆవిడ అక్కడ ఇంకెవరి దగ్గరో ఉంటుంది. వచ్చేదాకా ఈయన ఇక్కడ పళ్ళు బిగబట్టుకుని ఉంటాడు.

"ఆ 'కాస్త ఉండండి' ఇక నా నోటితో అనలేను అమ్మాయ్" అంది వదిన ఒకరోజు, చపాతీ పిండి పిసుకుతూ. "మందు ఎక్కడుందో తెలుసు. ఎంతో తెలుసు. ఎలాగో తెలుసు. ఆయన మొహంలోకి చూస్తూ కాస్త ఉండండి అనాలి."

ఆ రోజునుంచి ఇంటిల్లిపాదీ వంతెన పనిలో పడ్డాం.

నా గురించీ ఒక మాట. నేను నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుంటాను. మీ కుళాయిలో నీళ్ళు రావడం లేదన్న సంగతిని, మీరు మళ్ళీ ఎప్పుడూ చెప్పకుండా ఉండేలా ఎలా రాయించుకోవాలో తెలిసినదాన్ని. కాబట్టి ఇతరుల ఫారాలు చూస్తే నాకు కోపం కన్నా ముందు గౌరవం కలుగుతుంది. పాము కాలు పామెరుగు. వంతెన ప్రవేశాల మండలి వారి ఫారం చూసినప్పుడు నిజంగా లేచి నిలబడాలనిపించింది.

మండలి నియమం ప్రకారం ఒక మనిషి జీవితంలో మూడుసార్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నాలుగోసారి లేదు.

మొదటిసారి ఫొటో దగ్గర పోయింది. ఫొటోలో ముఖం ఏ భావమూ లేకుండా తటస్థంగా ఉండాలి. వదిన డ్యూటీ దిగి అటునుంచి అటే ఫొటో తీయించుకుంది. 'ముఖంలో అలసట కనిపిస్తున్నది. అలసట ఒక భావం' అని తిప్పి పంపారు. బాగా నిద్రపోయి, తలంటుకుని, మళ్ళీ తీయించుకునేసరికి గడువు దాటింది. ఆ రెండో ఫొటో మాత్రం చాలా బాగా వచ్చింది. ఇప్పటికీ మా హాల్లో ఉంది.

రెండోసారి సిఫారసు దగ్గర పోయింది. పై అధికారి ఒకరు ఆన్‌లైన్లో సిఫారసు రాయాలి. వార్డులోని హెడ్ నర్సు మంచి మనిషి, వెంటనే కూర్చుంది. ఫారంలో ఒక ప్రశ్న: 'ఈ అభ్యర్థి రోగికి హాని చేయగా మీరు స్వయంగా చూసిన సందర్భాన్ని వర్ణించండి (తప్పనిసరి).' హెడ్ నర్సు 'లేదు' అని రాసింది. ''లేదు' అనేది సందర్భం కాదు' అంది వెబ్‌సైటు. 'ఎప్పుడూ జరగలేదు' అని రాసింది. 'ఎప్పుడు జరిగిందో తేదీ ఇవ్వండి' అంది.

హెడ్ నర్సు వదినకు ఫోన్ చేసింది. "పోనీ, మొన్న ట్రాలీ తోస్తూ నా కాలు తొక్కావు. అది పెట్టనా?"

"మీరు రోగి కాదు కదా మేడం."

"తొక్కాక రెండు రోజులు కుంటుతూ తిరిగాను. పెట్టేస్తున్నా."

పెట్టింది. 'సిఫారసు చేసిన వ్యక్తి, బాధితురాలు ఒకరే అయినందున' ఆ దరఖాస్తు పక్కన పడింది.

ఇక మిగిలింది ఒక్కటే. మా అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు, కాస్త వేదాంతి. "నేను వ్యాన్ నడిపి నడిపి బస్సెక్కాను. బస్సు పెద్దదని చెప్పి ముందు నడక నేర్చుకురా అని నన్నెవరూ అనలేదే" అన్నాడు. వదిన ఊరుకోమంది. మూడోసారి ఏ పొరపాటూ జరగకూడదని నేను రెండు రోజులు సెలవు పెట్టి నియమావళి మొత్తం చదివాను. (మా కౌంటర్ ముందు అప్పుడు నిలబడినవారికి ఈ విధంగా క్షమాపణలు.)

అందులో నాకు బాగా నచ్చిన నియమం 'తగినంత లోటు'. అభ్యర్థికీ, పెద్ద నర్సుకీ మధ్య తెలివిలో తగినంత లోటు ఉండాలి. లోటు లేకపోతే వంతెన అవసరం లేదు కనుక సీటు ఇవ్వరు. లోటు మరీ ఎక్కువైతే వంతెన అందుకోలేదు కనుక సీటు ఇవ్వరు. ఎంత ఉంటే తగినంత అన్నది చెబితే అభ్యర్థులు దాన్నిబట్టి తయారైపోతారని చెప్పలేదు. దీనికి పరీక్ష ఉంది. ఇన్నేళ్ళు వార్డులో నలిగిన మనిషికి అన్నీ తెలిసిపోయి ఉంటాయేమోనని మాకు భయం పట్టుకుంది. అన్నయ్య రోజూ ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగేవాడు. జవాబు టక్కున చెబితే "అదిగో, మళ్ళీ" అని తల పట్టుకునేవాడు.

దేవుడి దయవల్ల పరీక్షలో నాయకత్వ సిద్ధాంతాల మీద అడిగారు. వదినకు ఒక్క ముక్క రాలేదు. 'తగినంత లోటు ఉన్నట్టు ధ్రువీకరించడమైనది' అని కబురొచ్చిన రోజు అన్నయ్య స్వీట్లు తెచ్చాడు. ఇంటి ఇల్లాలికి ఏమీ రాదని సర్కారు ముద్ర వేసి చెబితే మొగుడు స్వీట్లు పంచిన ఇల్లు మాదొక్కటే అనుకుంటాను.

తర్వాత భాష. వదిన చదివిన నర్సింగు బడి మూతపడి ఫర్నిచర్ దుకాణమైంది. అందువల్ల ఆవిడ ఏ భాషలో చదివిందో రుజువు లేదు. తన మాతృభాష తనకు వచ్చునని పరీక్ష రాయాలి. హెడ్‌ఫోన్లు పెట్టి, ఇద్దరు మనుషులు పడవ అద్దెకు తీసుకోవడం గురించి మాట్లాడుకోవడం వినిపించారు. పడవ రంగేమిటని అడిగారు. వదిన గట్టెక్కింది. కానీ నాకు లోపల చురుక్కుమంది. ఇన్నేళ్ళుగా రోగులు, వాళ్ళ బంధువులు, బంధువుల బంధువులు ఆవిడను తిట్టిన తిట్లన్నీ ఆ భాషలోనే. భాష రాకపోతే ఇంటికొచ్చి ఎందుకేడుస్తుంది?

ఇక చివరి మెట్టు ఇంటర్వ్యూ. అది చెప్పేముందు వార్డు ఆచారం ఒకటి చెప్పాలి.

ఎముకల వార్డులో బూతులు మాట్లాడవచ్చు. ఎముక సర్దుతున్నప్పుడు అందరూ మాట్లాడతారు. చావు గురించి మాట్లాడవచ్చు. క్యాంటీన్ గురించి కూడా మాట్లాడవచ్చు. డ్యూటీలో ఉన్నవాళ్ళు 'ప్రశాంతం' అన్న మాట మాత్రం నోటితో అనకూడదు. వార్డు అలా ఉన్నా సరే అలా ఉందని అనకూడదు. అంటే ఇక ఉండదు. నర్సులందరికీ ఇది తెలుసు, చిన్నా పెద్దా తేడా లేదు. ఒక కొత్త డాక్టరు ఓ సాయంత్రం కుర్చీలో వెనక్కి వాలి, "ఏంటి సిస్టర్, ఇవాళ వార్డు ఇంత ప్రశాంతంగా ఉంది" అన్నాడట. కుర్చీ ఇంకా ముందుకు రాకముందే ఊరి బయట లారీ బోల్తా పడింది, లిఫ్టు ఇద్దరు రోగులతో మధ్యలో ఆగింది, పై అంతస్తులో పైపు పగిలి ఎక్స్‌రే గదిలో వాన కురిసింది. అప్పటినుంచి ఆయన్ని నోటి డాక్టరు అంటారు. (పళ్ళ డాక్టరనుకుని కొందరు పంటినొప్పితో వెళుతుంటారు.)

నేనూ ఒకసారి వదినకు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళి ఆ మాట అనబోయాను. 'ప్ర' దాకా వచ్చాను. ఆయా నా రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్ళి, నోరు పుక్కిలించి రమ్మంది. కాబట్టి నేను కూడా ఇక్కడినుంచి, మండలి వారు రాసింది ఉన్నదున్నట్టు దించాల్సి వస్తే తప్ప, 'ఆ మాట' అనే రాస్తాను. పైన రెండుసార్లు రాయాల్సి వచ్చింది. దానివల్ల ఇవాళ ఏ ఊళ్ళో ఏ వార్డులో ఏమైనా జరిగితే నన్ను మన్నించాలి.

ఇంటర్వ్యూ చేసేది మనిషి కాదు, యాప్. తెరమీద ఒక నవ్వుముఖం వస్తుంది. ప్రశ్న వస్తుంది. ఫోన్లోకి చూస్తూ జవాబు చెప్పాలి. ఇంటర్వ్యూ సమయం 'అభ్యర్థి సౌలభ్యాన్ని దృష్టిలో ఉంచుకుని, అభ్యర్థిని అడగకుండా' నిర్ణయించబడుతుంది. వదినకు డ్యూటీ మధ్యలో పడింది. సెలవు దొరకలేదు. హెడ్ నర్సు "దుప్పట్ల గదిలో కూర్చో, బెల్లు నేను చూసుకుంటా" అంది. గదిలో అభ్యర్థి తప్ప ఇంకెవరూ ఉండకూడదు కనుక, తలుపు బయట కాపలా నేను.

దుప్పట్ల గదికీ వార్డుకీ మధ్య చెక్క గోడ. గోడకు అవతల కిటికీ పక్క మంచం. దానిమీద తుంటి విరిగిన ముసలి టైలరు. వార్డంతా ఆయన్ని కత్తెర బాబాయ్ అనేవారు. ఆపరేషన్ అయ్యాక చీము పట్టి, రోజుల తరబడి కన్ను మూత పడలేదు. ఆ పొద్దునే మొదటిసారి నిద్రపోయాడు. నర్సులు ఆ మంచం పక్కనుంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు.

మొదటి ప్రశ్న, మీ బలహీనత ఏమిటి. "కాళ్ళ నొప్పులు" అంది వదిన, ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు అన్నది వివరంగా చెప్పింది. నవ్వుముఖం తలూపింది. రెండో ప్రశ్న, మీ ఆదర్శ వ్యక్తి. హెడ్ నర్సు గురించి చెప్పింది, కాలు తొక్కిన సంగతితో సహా. నవ్వుముఖం తలూపింది. నేను బయట నిలబడి, ఇది అయ్యేలాగే ఉందే అనుకున్నాను. అనుకోకుండా ఉండాల్సింది.

మూడో ప్రశ్నను యాప్ గట్టిగా చదవదు, తెరమీద చూపిస్తుంది. లోపల్నుంచి ఏ చప్పుడూ లేకపోయేసరికి తలుపు సందులోంచి చూశాను. ఇలా ఉంది: 'మీ వార్డు ప్రశాంతంగా ఉన్న ఒక రోజును వర్ణించండి. జవాబులో ప్రశ్నలోని ముఖ్యపదాన్ని కనీసం మూడుసార్లు పలకాలి.'

వదిన ఫోను వంక చూస్తోంది. గోడ వంక చూస్తోంది. తర్వాత గొంతు సవరించుకుంది.

"అలాంటి రోజు ఉంటుందండి. ఎప్పుడో గానీ రాదు. బెల్లు మోగదు. కట్లు పొడిగా ఉంటాయి. అప్పుడు మేం పేషెంట్ల గోళ్ళు తీస్తాం. ఆడవాళ్ళకు జడలేస్తాం. ఎవరికైతే చూడ్డానికి ఎవరూ రారో వాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ ఊరి కబుర్లు వింటాం. కిటికీలోంచి ఎండ మంచం మీదికొస్తే మంచం కాస్త జరుపుతాం. ఆ రోజుకి ఒక పేరుంది. నేను చెప్పనండి. గోడకవతల ఒకాయన ఇప్పుడే పడుకున్నారు."

'ముఖ్యపదం: సున్నా' అంది తెర. 'మీకు ఇంకా సమయం ఉంది. సంకోచించకండి.'

నాకు ఆగలేదు. తలుపు సందులోంచి "వదినా, అనేసెయ్. మెల్లగా అనేసెయ్" అన్నాను.

"మెల్లగా అన్నా అన్నట్టే."

"పోనీ పెదాలు కదుపు."

"యాప్‌కి వినపడదు, వార్డుకి వినపడుతుంది" అంది వదిన.

సమయం అయిపోయింది. నవ్వుముఖం ధన్యవాదాలు చెప్పి మాయమైంది. వదిన పడిపోయిన దుప్పటి ఒకటి మడతపెట్టి అరలో పెట్టి బయటికొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద, ఆ యాప్ మీద, ఆ టైలరు మీద కూడా. (ఆయనేం చేశాడని అడగకండి. నిద్రపోయాడు.)

"చదువుకున్నదానివి. నిజంగా నమ్ముతావా ఇది?" అన్నాను.

"నమ్మను" అంది వదిన. "కానీ ఆయన మీద పెట్టి చూసేంత అపనమ్మకం కూడా లేదు."

ఫలితం తొందరగానే వచ్చింది. 'సంభాషణా నైపుణ్యం: కనబడలేదు. అడిగిన దానికి కాక వేరే సంగతులు చెప్పారు.' అప్పీలు చేసుకోవచ్చునట. ఇద్దరం మండలి కార్యాలయానికి వెళ్ళాం. లిఫ్టు నుంచి కార్యాలయానికి వెళ్ళే నడక వంతెన దగ్గర బోర్డు ఉంది: 'వంతెన మరమ్మతులో ఉన్నది. మెట్లు దిగి వీధి చుట్టి రావలెను.' మెట్లు దిగి వీధి చుట్టి వెళ్ళాం.

వంతెనాధికారి చాలా మర్యాదస్తుడు. కూర్చోబెట్టారు, మంచినీళ్ళు ఇప్పించారు. (మా ఆఫీసులో మేం కూడా మంచినీళ్ళే ఇస్తాం. పని కానప్పుడు మనిషికి ఏదో ఒకటి ఇవ్వాలి.) వదిన సంగతంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు.

"నర్సులు ఆ మాట అనరన్నది మాకు కొత్త విషయమమ్మా" అన్నారు.

"ప్రశ్నలు తయారుచేసిన కమిటీలో నర్సులెవరూ లేరా సార్?" అని అడిగాను.

"నర్సుల ప్రవేశాలకు నర్సులే ప్రశ్నలు పెడితే పక్షపాతం అవుతుంది కదమ్మా."

"మరి ఎవరున్నారు?"

"లెక్కల ఆచార్యులు ఒకరు, గొంతు నిపుణులు ఒకరు, వంతెనల ఇంజినీరు ఒకరు. ఇంజినీరు గారిని కోర్సు పేరు చూసి పొరపాటున పిలిచాం. కానీ అందరికన్నా ఆయనే ఎక్కువ సహకరించారు."

వదిన నవ్వలేదు. "నాకిది ఆఖరిసారండి" అంది. "ఇంకో మాట ఏదైనా ఇవ్వండి. పదిసార్లు చెబుతా. వందసార్లు చెబుతా."

అధికారి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయనకు జాలేసింది. అది నటన కాదు. నేను కౌంటర్లో కూర్చునేదాన్ని, నాకు తేడా తెలుసు. "యంత్రానికి మనసు లేదు గానీ నాకుందమ్మా. ఒక పని చేద్దాం. ఇది వార్డు కాదు కదా. నా ఎదుట ఆ మాట మూడుసార్లు అనండి. మార్కు నేను చేత్తో వేసేస్తాను."

వదిన ఆలోచనలో పడింది. తర్వాత లేచి హాల్లోకి వెళ్ళింది. కర్ర పట్టుకుని వరసలో నిలబడ్డ పెద్దాయన దగ్గర ఆగి, "గుండె జబ్బేమైనా ఉందాండీ మీకు?" అని అడిగింది. ఆయన లేదన్నాడు. కడుపుతో ఉన్న గుమాస్తా అమ్మాయిని "కాసేపు కిందకెళ్ళి గాలికి తిరిగిరా తల్లీ" అని పంపేసింది. అటెండరు చెయ్యి పట్టి నాడి చూసి, "బీపీ మాత్ర మానేశావు కదూ" అని మందలించి, ఆయన జేబులోదే తీయించి ఆయన చేత మింగించింది. కిటికీ గట్టుమీద ఉన్న పూలకుండీ తీసి కింద పెట్టింది. అప్పుడొచ్చి కూర్చుంది.

"అంటున్నానండి. తర్వాత నన్నేమీ అనకూడదు."

"అనండమ్మా" అన్నారు అధికారి చిరునవ్వుతో.

అంది. మొదటిసారి గొంతులోంచి సరిగా రాలేదు. రెండోసారి కళ్ళు మూసుకుని అంది. మూడోసారి స్పష్టంగా, సూది గుచ్చేముందు రోగితో మాట్లాడినట్టు తొణక్కుండా అంది.

ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అధికారి "చూశారా" అని నవ్వి, ఆవిడ దరఖాస్తు తెరిచి, మార్కు వేసి, మీట నొక్కారు.

ముందు ఆయన కంప్యూటరు ఆగింది. తర్వాత పక్క గదిలోవి. తర్వాత అంతస్తు మొత్తం. "సార్, సర్వర్" అంటూ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. బల్లల మీద ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. మూల ఉన్న ప్రింటరు ఎవరూ అడగకుండానే పని మొదలుపెట్టి, తెల్ల కాగితాలు ఒకదాని మీద ఒకటి వదలసాగింది. వరసలో ఉన్నవాళ్ళు బల్లల దాకా వచ్చేశారు. వదిన మాత్రం ముందు అటెండరు వంక, తర్వాత కర్ర పెద్దాయన వంక చూసుకుంది. ఎవరూ పడిపోలేదు. ఊపిరి పీల్చుకుంది.

"కంగారు పడకండి" అన్నారు అధికారి, అంత గోలలోనూ చెక్కుచెదరకుండా. "ఇది వారానికి రెండుసార్లు ఉండేదే. మీ మార్కు నా మనసులో ఉంది. సర్వర్ రాగానే వేసేస్తాను."

కాబట్టి ఆ మాట మహిమో, ఆఫీసు మామూలో ఇప్పటికీ తేలలేదు.

సర్వర్ వచ్చింది. కానీ ఈలోగా ఆయనకు బదిలీ అయింది. ఆయన మనసు కూడా ఆయనతోనే వెళ్ళింది. కొత్త అధికారిని కలిస్తే, ఆయనా మంచినీళ్ళు ఇప్పించి, పాత అధికారి మనసులో ఉన్న మార్కులను స్వాధీనం చేసుకున్నట్టు తమకు ఉత్తర్వులేవీ అందలేదన్నారు. మా అన్నయ్య ఇదంతా విని, "ఆ పాత అధికారి ఎక్కడికెళ్ళాడో కనుక్కో. మిమ్మల్ని నా బస్సులోనే తీసుకెళతా" అన్నాడు. కనుక్కున్నాను. ఆయన్ని వేసింది నిజం వంతెనల శాఖలో. ఇంజినీరు గారు సిఫారసు చేశారట.

తుది కబురు ఒక మధ్యాహ్నం వచ్చింది. వదిన డ్యూటీకి వెళుతుంటే ఆసుపత్రి పక్కనే నాకూ పని ఉండి కలిసి నడుస్తున్నాం. వార్డు గుమ్మం దగ్గర ఫోను మోగింది. వదిన చదివి నాకిచ్చింది.

'ప్రియమైన అభ్యర్థీ, మీ మూడవ దరఖాస్తు తిరస్కరించబడినది. అవకాశాలన్నీ పూర్తయినందున ఇకపై మీరు మాకు దరఖాస్తు చేయనవసరం లేదు. ఈ విధంగా మీ సమయం ఆదా అయినందుకు మండలి సంతోషిస్తున్నది. మీ ఈ రోజు ప్రశాంతంగా గడవాలని కోరుకుంటూ.'

నాకు ఏడుపొచ్చింది. వదినకు రాలేదు. ఆవిడ ఆ ఆఖరి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

"ఎంత తేలిగ్గా రాసేశారో చూడు" అంది. "ఫోను నీ దగ్గరే ఉంచు అమ్మాయ్. లోపలికి తేకు."

అని లోపలికెళ్ళింది. ఆవిడ ఏప్రన్ కట్టుకోకముందే కిటికీ పక్క మంచం బెల్లు మోగింది. నేను గుమ్మం అద్దంలోంచి చూస్తున్నాను. చీము ఇంకా తగ్గని కత్తెర బాబాయ్ మంచం పట్టీ రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"నొప్పమ్మా" అన్నాడు.

వదిన నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. "కాస్త ఉండండి బాబాయ్. పెద్ద నర్సును పిలిపిస్తా" అంది.

ఆయా పై అంతస్తుకు వెళ్ళింది. వదిన మంచం పట్టీ మీదనుంచి ఆయన చెయ్యి విడిపించి తన చేతిలోకి తీసుకుని, అలాగే నిలబడింది. నియమావళి మొత్తం చదివినదాన్ని కనుక చెబుతున్నాను: చెయ్యి పట్టుకోవడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కరలేదు. మండలి ఇంకా గమనించినట్టు లేదు.